కిష్టారెడ్డి మెడలో మోటరు

1997 ఎండాకాలం. పటాన్‌చెరులో హైవే పక్కన, లారీలు రిపేరు చేసే షెడ్ల వెనక ఉన్న పాతిక పడకల ఆస్పత్రిలో నేను ఫిజియోథెరపిస్టును. రోజూ పొద్దున సంగారెడ్డి నుంచి బస్సులో నిలబడి వచ్చేదాన్ని. మెట్ల కింద ఉండేది నా గది. ఒక మంచం, ఒక చేతుల కుర్చీ, గోడకు బిగించిన కప్పీ, నెత్తిన గరగరలాడే ఫ్యాను, అంతే నా సంస్థానం. మిషన్లలో వేళ్లు నలిగినవాళ్లు, బస్తాలు మోసి నడుము పట్టేసినవాళ్లు, స్కూటరు మీంచి పడ్డవాళ్లు నా దగ్గరకు వచ్చేవారు.

ఆ ఏడాదే హైదరాబాదులో ఒక పెద్ద ఆస్పత్రి కొత్తది కొనుక్కుని, తమ పాత బయోఫీడ్‌బ్యాక్ మెషిన్ మాకిచ్చింది. చిన్న రేడియో అంత పెట్టె. "పనికొస్తే వాడు, రాకపోతే స్టోర్ రూములో పడేయ్" అన్నారు మా డాక్టరుగారు. పడేయమన్న వస్తువును నేను వాడి తీరతానని ఆయనకు తెలుసు. నా మొండితనం ఆస్పత్రిలో అందరికీ తెలిసిందే.

ఆ పెట్టె చేసే పని చెప్తాను. కండరం బిగుసుకున్నప్పుడు అందులో అతి సన్నని కరెంటు పుడుతుంది. ఎలక్ట్రోడ్లు, అంటే చర్మానికి అంటించే రూపాయి బిళ్లంత ముక్కలు, ఆ కరెంటును పట్టుకుంటాయి. మెషిన్ దాన్ని అంకెగా చూపిస్తుంది, చప్పుడుగా వినిపిస్తుంది. బిగువు ఎక్కువైతే చప్పుడు పెరుగుతుంది, వదులైతే తగ్గుతుంది. మనం పెట్టిన గీత కిందికి దిగితే చప్పుడు పూర్తిగా ఆగిపోతుంది. ఆ గీతను త్రెషోల్డ్ అంటాం. మనకు తెలియకుండా మన ఒళ్లు ఏం చేస్తోందో మన చెవికి వినిపించడం, అంతే. అది నాలుగు బ్యాటరీలతో నడిచేది, షాక్ కొట్టేది కాదు. ఈ ఆఖరి మాట మాత్రం రోజుకు పదిసార్లు చెప్పాల్సి వచ్చేది.

కిష్టారెడ్డి అప్పుడే వచ్చాడు. కర్దనూర్ మనిషి, అరవై ఏళ్లు. గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు పనిచేసి, రెండేళ్ల కింద రిటైరయ్యాడు. నిలువెత్తు మనిషి, తెల్ల ధోవతి, తెల్ల అంగీ. కానీ మెడ మాత్రం భుజాల్లోకి దిగిపోయి ఉండేది. ఎవరో వెనక నుంచి పిలిస్తే తల ఒక్కటే తిరగదు, మనిషంతా తిరగాల్సిందే. వెంట భార్య సత్తెమ్మ వచ్చింది.

"ఎన్నేండ్ల సంది ఉంది కాకా ఈ నొప్పి?" అని అడిగాను.

"ఎనిమిదేండ్లుంటది బిడ్డా. ఈడ మొదలైతది" అని మెడ వెనక చూపించాడు. "నెత్తి దాంక గుంజుతది. గోలీ ఏస్తే తగ్గుతది. మల్ల గుంజుతది."

"రోజుకెన్ని గోలీలు?"

సత్తెమ్మ చెప్పింది. "పొద్దుగాల రెండు, మాపటికి రెండు. బువ్వ తిన్నా తినకున్నా గోలీలు మాత్రం తింటడు. మొన్న నెత్తురు కక్కిండు బిడ్డా. నా కొంగంత నెత్తురే."

ఆ సంగతి నాకు తెలుసు. అంతకు నెల ముందు కడుపులో పుండు పగిలి మా వార్డులోనే పడుకున్నాడు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. డాక్టరుగారు కేసు షీటు మీద నొప్పి గోలీలు జన్మలో వద్దని రాసి, కింద రెండు గీతలు గీశారు. నన్ను పక్కకు పిలిచి, "ఇంకొకసారి పుండు పగిలితే ఇక్కడిదాకా రాకముందే పోతాడు. నొప్పి తగ్గకపోతే గోలీలు మానడు. ఏం చేస్తావో చెయ్యి" అన్నారు.

చేస్తానన్నాను. అంత నొప్పికి నా దగ్గరున్నది ఆ పాత పెట్టె ఒక్కటే.

వారానికి మూడు రోజులు రమ్మన్నాను. మొదటి రోజు మెడ కింద, భుజాల మీద ఎలక్ట్రోడ్లు అంటించాను. కుర్చీలో ఊరికే కూర్చున్న మనిషికి అంకె పద్నాలుగు చూపించింది. ఊరికే కూర్చుంటే మూడో నాలుగో ఉండాలి. మెషిన్ గుయ్యిమని మోగింది.

"ఇది నీ మెడ అరుస్తున్న అరుపు కాకా" అన్నాను. "ఇది బందయ్యేదాక వదులు చెయ్యాలె."

ఆయన పెట్టెను ఎగాదిగా చూశాడు. "నీదెంతుంటది బిడ్డా?"

ఎందుకడిగాడో గానీ నాకు పౌరుషం వచ్చింది. ఎలక్ట్రోడ్లు పీకి నా భుజానికి అంటించుకున్నాను. పద్దెనిమిది! సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నువ్వే జెర గా కుర్సీల కూసో బిడ్డా, మేం బైటుంటం" అంది. బస్సు ప్రయాణం, నా కోపం, రెండూ కలిసి పద్దెనిమిది అయ్యాయని సర్దిచెప్పుకుని మళ్లీ ఆయనకే అంటించాను.

చెప్పింది చెప్పినట్టు చేసేవాడాయన. భుజాలు పైకెత్తి వదలమంటే వదిలేవాడు. ఊపిరి నెమ్మదిగా విడవమంటే విడిచేవాడు. పద్నాలుగు పదయ్యేది, పది ఎనిమిదయ్యేది, ఏడయ్యేది, ఆరయ్యేది. గీతను ఐదు దగ్గర పెట్టాను. ఐదుకు దిగి చప్పుడు ఆగగానే మనిషి ఒక్కసారిగా ఉలిక్కిపడేవాడు. అంకె ఇరవై దాటేది. మెషిన్ మళ్లీ కెవ్వుమనేది.

ఒకసారి కాదు, ప్రతిసారీ ఇంతే. మెట్టు మెట్టు దిగొచ్చి ఆఖరి మెట్టు మీంచి ఎగిరి మళ్లీ మిద్దెక్కేవాడు.

మొదటి వారంలోనే ఆయన ఒక మాటన్నాడు. "గా సప్పుడు బందైతే నా మనసొప్పుతలేదు బిడ్డా."

"బందయ్యేటందుకే కదా ఇంత కష్టపడుతున్నం" అన్నాను నేను. మళ్లీ ఆ మాట ఎత్తనివ్వలేదు. ఈ రోజుకీ గుర్తొస్తే నన్ను నేను తిట్టుకుంటాను.

కుర్చీ మార్చాను. మెడ కింద దిండు పెట్టాను. మంచం మీద పడుకోబెట్టాను. కళ్లు మూసుకోమన్నాను, తెరవమన్నాను. మూడో వారం గడిచింది. అదే ఆరు, అదే ఐదు, అదే ఎగురుడు. కేసు షీటులో 'పేషంట్ సహకరించడం లేదు' అని రాశాను. రాయడానికి చెయ్యెట్లా వచ్చిందో. ఎండలో కర్దనూర్ నుంచి ఆటోలో వచ్చి, ఒక్క రోజు కూడా నాగా పెట్టకుండా కూర్చున్న మనిషి మీద రాశాను ఆ మాట.

నాలుగో వారం సోమవారం సత్తెమ్మ గదిలోకి వస్తూనే నా బల్ల మీద ఒక గోలీల షీటు పడేసింది. పదింట్లో మూడు లేవు.

"గడ్డం గీసుకునే డబ్బాల దాసిండు బిడ్డా. నేను సదురుతుంటే దొరికినయ్. అడిగితే నోరిప్పడు." ఆమె షీటును వేలితో నా వైపు నెట్టింది. "మల్ల నెత్తురు కక్కితే నేనేం జెయ్యాలె? చెప్పుమను."

కిష్టారెడ్డి నేల చూపులు చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"కాకా, నీకు బతకాలని ఉందా లేదా? డాక్టరుగారు అంతగనం చెప్తే చెవినేసుకోవా?"

"ఉంది బిడ్డా. ఎందుకుండదు" అన్నాడు మెల్లగా. "నొప్పికి ఆగలేకపోయిన. నీ దగ్గరికొచ్చిన దినం ఇంకెక్కువ గుంజుతుంది."

ఆ మాట నా చెంప మీద కొట్టినట్టుంది. నేను వైద్యం చేసిన రోజే నొప్పి ఎక్కువవుతోందట. అయినా వదలబుద్ధి కాలేదు. నేను వదిలేస్తే ఆయనకు మిగిలేది ఆ షీటులోని ఏడు గోలీలే. ఇవాళ కూడా కూర్చోమన్నాను. పాపం, కూర్చున్నాడు.

కళ్లు మూసుకున్నాడు. పన్నెండు, తొమ్మిది, ఏడు. మెషిన్ గొంతు సన్నబడుతోంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మెషిన్ బ్యాటరీలది కనుక మోగుతూనే ఉంది. ఆగింది నెత్తి మీద ఫ్యాను. గరగరమని పొద్దస్తమానం మోగేది ఒక్కసారిగా ఊరుకుంది.

కిష్టారెడ్డి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అరవై ఏళ్ల మనిషి, మెడ తిరగని మనిషి, రెప్పపాటులో లేచాడు. వైర్లు ఊడి వేలాడుతున్నాయి. ఆయన కుడి చెయ్యి పైకి లేచి, చెవి ఎత్తులో గాలిని పట్టుకుని గిర్రున తిప్పుతోంది. మూడు చుట్లు తిప్పాక కళ్లు తెరిచాడు. నన్ను చూసి, తన చేతిని చూసుకుని, సిగ్గుపడి కూర్చున్నాడు.

సత్తెమ్మకు ఇదేమీ కొత్త కాదు. "ఇంట్ల కూడ గిట్లనే" అంది. "కరెంటు పోతే సాలు, మంచం మీంచి దుంకుతడు."

"కాకా, చేత్తో ఏం తిప్పినవ్?" అని అడిగాను.

"వాల్వు" అన్నాడు.

"ఏం వాల్వు?"

అప్పుడు చెప్పాడు. నాలుగు వారాల్లో ఆయన పని గురించి నేనడగడం అదే మొదటిసారి.

"రియాక్టర్ అంటే మూతవెట్టిన పెద్ద గంగాళం బిడ్డా. అండ్ల మందు ఉడుకుతది. లోపట కవ్వం తిరుగుతుంటది, అజిటేటర్ అంటరు. దాని మోటరు గుయ్యిమని మోగుతనే ఉండాలె. మోగినంతసేపు పరేషాన్ లేదు. సప్పుడు ఆగిందనుకో, కవ్వం ఆగినట్టు. ఒక్కదిక్కే కాగుతది. ప్రెజర్ లేస్తది. గప్పుడు జల్దీ సల్లనీళ్ల వాల్వు పూరా తిప్పాలె. తిప్పకుంటే ఆగమే."

"మీటర్లుంటయ్ కదా?"

"ఉంటయ్. మీటరు మొకం చూసేటంత టైమెక్కడిది? సప్పుడు ఆగంగనే చెయ్యి వాల్వు మీదుండాలె." ఆయన గొంతులో మొదటిసారి హుషారు వినిపించింది. "నేనున్న పద్దెనిమిదేండ్లల్ల ఐదుసార్లు ఆగింది. ఐదుసార్లు పట్టిన. నా షిఫ్టుల ఒక్కనికి చర్మం కమల్లే. మా సూపర్‌వైజర్ అంటుండె, కిష్టారెడ్డి ఉంటే నేను చాయ్ తాగొస్తనని."

సిగ్గేసింది. నెత్తి మీద ఎవరో బిందెడు నీళ్లు పోసినట్టయింది. చప్పుడు ఆగితే ప్రాణం మీదికి వచ్చినట్టని పద్దెనిమిదేళ్లు నేర్చుకున్న ఒంటికి, చప్పుడు ఆగేదాకా హాయిగా ఉండమని నేను చెప్తున్నాను. వారానికి మూడు రోజులు, రోజుకు పదిసార్లు, ఆయన రియాక్టర్‌ను నేనే ఆపేస్తున్నాను. ఆయన ఉలిక్కిపడటం సహకరించకపోవడం కాదు. తన డ్యూటీ తను చేస్తున్నాడు. ఆ డ్యూటీ అయిపోయిందని ఆ మెడకు ఎవరూ చెప్పలేదు, అంతే.

మెషిన్ వెనక ఒక చిన్న స్విచ్ ఉంది. దాన్ని ఇటు వేస్తే గీత దాటి పైకి పోయినప్పుడు మోగుతుంది. అటు వేస్తే గీత కింద ఉన్నంతసేపు మోగుతుంది, బిగువు పెరగగానే ఆగిపోతుంది. మెషిన్ వచ్చిన రోజు అది ఎట్లా ఉందో అట్లాగే వదిలేశాను. నాలుగు వారాలు అది నా చేతికి జానెడు దూరంలోనే ఉంది. స్విచ్ అటు వేశాను.

"కాకా, ఇప్పుడు కథ మారింది" అన్నాను. "నీ మెడ వదులుగ ఉన్నంతసేపు మోటరు తిరుగుతది. మెడ బిగిస్తివా, మోటరు ఆగుతది. నువ్వే ఆపరేటర్‌వి. ఆగనియ్యకు."

"ఆగితే?"

"ఆగితే వాల్వు లేదు. భుజం వదలాలె. అదే నీ వాల్వు."

ముందు మోటరు తిరగాలి కనుక గీతను పదిహేను దగ్గర పెట్టాను. ఎలక్ట్రోడ్లు మళ్లీ అంటించాను. గుయ్యిమని మోగింది. ఆయన తల ఒక పక్కకు కొంచెం వాలింది. వింటున్నాడు. ఆ వినడం చూస్తే నాకు తెలిసిపోయింది, ఈ మనిషికి ఈ పని కొత్త కాదని. గీతను పన్నెండుకు దించాను. ఆగింది. ఆయన చెయ్యి లేవబోయింది, ఆగిపోయింది. భుజాలు దిగాయి. మోటరు అందుకుంది. పదికి దించాను. నడుస్తోంది. ఎనిమిది. నడుస్తోంది. ఏడు దగ్గర రెండుసార్లు ఆగింది, రెండుసార్లూ ఆయనే నడిపించుకున్నాడు.

ఆ రోజు ఆరు దగ్గర నాలుగు నిమిషాలు ఆగకుండా నడిపాడు. సత్తెమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. ఎలక్ట్రోడ్లు తీస్తుంటే, "షిఫ్టయిపాయెనా?" అనడిగాడు. అందరం నవ్వాం. నేను కేసు షీటు తీసి ఆ పాత వాక్యం కొట్టేశాను. దాని పక్కన 'తప్పు నాది' అని రాసి సంతకం పెట్టాను.

ఆరో వారానికి గీత నాలుగు మీదికి వచ్చింది. పన్నెండు నిమిషాలు నడిపేవాడు. నొప్పి తగ్గుముఖం పట్టింది. కానీ చప్పుడు ఆస్పత్రిలో మాత్రమే ఉంది. మెషిన్ ఒక్కటే, దాన్ని ఇంటికివ్వడానికి లేదు. ఈ దశను మేము వీనింగ్ అంటాం, పాలు మాన్పించడమన్నమాట. మెషిన్ లేకుండా ఒళ్లు తనంతట తను వదులవడం నేర్చుకోవాలి. చాలామంది ఇక్కడే జారిపోతారు. కిష్టారెడ్డి కూడా జారాడు. మూడు రోజుల సెలవు తర్వాత వచ్చినప్పుడు అంకె మళ్లీ పదకొండు. "ఇంట్ల సప్పుడు లేదు బిడ్డా. ఏం పట్టుకొని నడపాలె?" అన్నాడు. సత్తెమ్మ మొహం వాడిపోయింది. మిగిలిన ఏడు గోలీల షీటు ఇంకా నా సొరుగులోనే ఉంది, అయినా ఊళ్లో కిరాణా దుకాణంలో కూడా దొరుకుతాయని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

బస్సులో ఇంటికి పోతూ అదే ఆలోచన. దిగేటప్పటికి ఉపాయం తట్టింది. తర్వాత ఆయన వచ్చిన రోజు ఎలక్ట్రోడ్లు అంటించి, "కాకా, ఆ మోటరు ఎట్ల మోగుతుండె? నువ్వే మోగించి చూపియ్యి" అన్నాను.

"నేనా?" అని నవ్వి, పెదవులు మూసి గొంతులో సన్నగా మొదలుపెట్టాడు. మ్‌మ్‌మ్. లోతుగా, ఒకే తీరుగా. ఎలక్ట్రోడ్ల అంకె చూశాను. పదకొండు తొమ్మిదైంది, ఆరైంది. దవడ బిగించిన మనిషి అట్లా మోగించలేడు. మోగించాలంటే దవడ వదలాలి, ఊపిరి పొడుగ్గా విడవాలి. నేను నెల రోజులు నేర్పించలేకపోయింది ఆయన మోటరే నేర్పింది.

రోజుకు నాలుగుసార్లు, పది నిమిషాల చొప్పున 'షిఫ్టు' వేశాను. వారం తర్వాత సత్తెమ్మ ఫిర్యాదుతో వచ్చింది.

"గిదేం రోగం తగిలిచ్చినవ్ బిడ్డా? ఇంట్ల బోరు మోటరు వెట్టినట్టుంది. బర్రె కూడ చెవులు రిక్కిస్తుంది." అని, గొంతు తగ్గించి, "గోలీ ముట్టలే. గడ్డం డబ్బా, దూలాల సందులు, అంగీ జేబులు, అన్ని దేవులాడిన. లెవ్వు" అంది. కళ్లు తుడుచుకుంది.

మూడు నెలలకు రక్తం పరీక్ష చేయించారు. డాక్టరుగారు కాగితం చూసి, "రక్తం పట్టింది. పుండు మానుతున్నట్టే. ఆ పెట్టెను స్టోర్లో పడేయలేదు కదా?" అన్నారు. ఆయన పొగడటమంటే అదే.

ఆఖరిసారి కిష్టారెడ్డి వచ్చింది వానాకాలంలో. ఎలక్ట్రోడ్లు అంటించాను గానీ చప్పుడు పెట్టలేదు, అంకె మాత్రం నావైపు తిప్పుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని గొంతులో సన్నగా మోగించుకుంటున్నాడు. మూడున్నర. బయట ఉరిమింది, కరెంటు పోయింది. ఫ్యాను గరగరమని మెల్లగా ఆగిపోయింది.

కుర్చీ చేతి మీదున్న ఆయన కుడి చెయ్యినే చూస్తున్నాను. వేళ్లు ఒక్కసారి కదిలాయి. అంకె ఏడుకెళ్లింది. తర్వాత ఐదు. తర్వాత నాలుగు. చెయ్యి ఉన్నచోటే ఉంది. గొంతులో మోత ఆగలేదు.

కాసేపటికి కళ్లు తెరవకుండానే అన్నాడు, "కరెంటు పోయింది గదా బిడ్డా?"

"పోయింది కాకా."

"పోనీ తియ్. మన మోటరు నడుస్తనే ఉంది."

ఆయన లేచి గుమ్మం దాటుతుంటే నేను వెనక నుంచి పిలిచాను, సత్తెమ్మ సంచీ మరిచిపోయిందని. మనిషంతా తిరగలేదు. తల ఒక్కటే తిప్పి నా వైపు చూశాడు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఈ పని చేశాను. మిషన్లు మారాయి, ఇప్పుడన్నీ కంప్యూటర్లే. కానీ ఎవరి ఒంటికైనా వైరు తగిలించే ముందు ఒక ప్రశ్న అడగనిదే ముట్టుకోను: "మీరేం పని చేసేవారు? ఆ పనిలో దేనికి చెవి పెట్టేవారు?" కేసు షీటులో పైన, పేరు పక్కనే దానికి గడి గీయించాను. నొప్పెక్కడ అన్నది దాని తర్వాతి గడి.